తెగులు మారినదా, చదువుటలో తప్పు వచ్చినదా?

వరి పండించు రైతు సోదరులకు బాక్టీరియా ఎండాకు తెగులు కొత్తది కాదు. మందులతో ఇది పూర్తిగా అదుపు కాదు. తట్టుకొను వంగడమే శరణ్యము. సాంబ మసూరిలో ఎక్స్‌ఏ 21, ఎక్స్‌ఏ 13, ఎక్స్‌ఏ 5 అను మూడు నిరోధక జన్యువులను చేర్చి హైదరాబాదు శాస్త్రజ్ఞులు రూపొందించిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి 2008లో విడుదలైనది. అయితే తెగులు కలిగించు సూక్ష్మజీవియు మారుచుండును. దాని రాక్స్‌ఎక్స్ అను చిన్న జన్యువులో కొన్ని మార్పులు వచ్చినచో ఎక్స్‌ఏ 21 దానిని గుర్తించలేదు. అందుచేతనే తెగులు ఆకులు తెచ్చి, అందలి సూక్ష్మజీవి డి.ఎన్.ఏ.ను యంత్రముపై చదివించుచున్నారు. ఒక అక్షరము మారినదని నివేదిక వచ్చినంతనే "కొత్త తెగులు వచ్చినది" అని చాటుట తగదని నా అభిప్రాయము.

లెక్క చూడుడు. ఈ సూక్ష్మజీవి డి.ఎన్.ఏ.లో సుమారు 50 లక్షల అక్షరములు కలవు. యంత్రము దానిని 150 అక్షరముల తునకలుగా చదువును. వేయి అక్షరములకు ఒక తప్పు చేయునది మంచి యంత్రమే. అయినను అంతయు ఒక్క తడవ చదివినచో 5,000 తప్పులు దొర్లును. కనుకనే ప్రతి చోటును ముప్పది, నలుబది తునకలలో చదివింతురు. అడంగలును నలుగురు విడివిడిగా నకలు వ్రాసినచో ఒక్కొక్కరు ఒక్కొక్క చోట తప్పుదురు. నలుగురి నకలులోను ఒకే అంకె ఉన్నచో అది అసలులోనిదే.

కాని నలుగురును ఒక తప్పు నకలునే చూచి వ్రాసినచో? ఇక్కడనే చిక్కు. చదువుటకు ముందు డి.ఎన్.ఏ.ను నకళ్లుగా పెంచుట కలదు. తొలి నకలులో పడిన తప్పు తరువాతి వాటిలోను దిగును. పైగా ఈ సూక్ష్మజీవి జన్యువులు కొన్నింటిలో సుమారు 102 అక్షరముల వరుస పదే పదే వచ్చును. అట్టి చోట ఒక జన్యువు తునక మరియొక జన్యువుపై పడి, లేని మార్పును ఉన్నట్లు చూపును.

ఇక కొందరు సగము తునకలలో కనిపించని మార్పులనెల్ల తప్పులని కొట్టివేయుదురు. ఇదియు నాకు సమ్మతము కాదు. ఒకే ఆకులో రెండు రకముల సూక్ష్మజీవులుండవచ్చును. నలుబదింటిలో నాలుగు తునకలే వేరుగా నున్నను, అది అప్పుడే పొలములో అడుగిడిన కొత్త రకము కావచ్చును. విత్తన క్షేత్రములో కేళీలు ఏరు రైతుకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. ఎత్తుగా నున్న మొక్క గత్తము కుప్ప వేసిన చోట ఏపుగా పెరిగినదేమో యని కంకిని, గింజను చూచును. ఒక్కటే గదా యని వదలడు.

కావున అదే పొలము నుండి రెండవ నమూనా తెచ్చి, విడిగా డి.ఎన్.ఏ. తీసి చదివించవలెను. సూక్ష్మజీవిని శుద్ధముగా పెంచి, దానిలో ముంచిన కత్తెరతో ఆకు కొనలు కత్తిరించి, రెండు వారముల తరువాత ఎండిన పొడవు కొలువవలెను. ఈ పరీక్ష ఎక్స్‌ఏ 21 ఒక్కటే గల వరిపైనను, మూడును గల వరిపైనను జరుగవలెను. మొదటిది లొంగినను రెండవది నిలువవచ్చును గదా! ఖర్చు, కాలము ఎక్కువే. కాని ఒక తప్పు అక్షరమును నమ్మి ఊరంతయు మంచి విత్తనము మానివేసినచో ఆ నష్టమును ఎవరు తీర్తురు?

గ్రామాధికారులు నమూనా పంపునపుడు పొలములో రెండు వేరు చోట్ల ఆకులు కోసి, వేరువేరు కాగితపు కవర్లలో ఉంచి, ఒక్కొక్క దానిపై గ్రామము, సర్వే నెంబరు, వంగడము, కోసిన తేదీ వ్రాయవలెను. ప్లాస్టిక్ సంచిలో ఆకు చెమర్చి కుళ్లును.