గిటార్ షౌఖ్‌కు మన జవాబు



మా కె.గంగవరం లాంటి ఊళ్ళో పదో తరగతి పిల్లాడు "అబ్బా, గిటార్ కొనిపెట్టండి" అని అడిగితే మన ఇళ్ళలో వచ్చే జవాబులు రెండే. ఒకటి, "హరామ్ రా, నోర్ముయ్". రెండోది, "ముందు మార్కులు తెచ్చుకో". రెండూ మాట తప్పించడమే తప్ప జవాబులు కావు.

మొదటిది చూద్దాం. మౌసీఖీ మీద ఉలమాల ఇఖ్తిలాఫ్ నిన్నా మొన్నటిది కాదు. తీగ వాయిద్యాలు కూడవన్నది నాలుగు మజ్‌హబ్‌ల ఫుఖహాలో ఎక్కువమంది మాట. అది దాచి వాదించడం బేఈమానీ. అలాగే, ఆ రివాయత్‌లు జయీఫ్ అని, వాయిద్యం జాయజేనని అందలూసియా ఆలిమ్ ఇబ్నె హజ్మ్ రాసిన మాటా దాచకూడదు. ఏ ఖాందాన్ ఏ రాయ్ పట్టుకుంటుందో వాళ్ళ ఇష్టం. కానీ బారాత్‌లో డీజే పెట్టించి, రోజంతా ఫోన్లో పాటలు విని, కొడుకు చేతిలో గిటార్ చూడగానే దీన్ గుర్తొస్తే, పిల్లలకు అది దీన్‌లా కాదు, మునాఫిఖత్‌లా కనిపిస్తుంది. నా భయమల్లా అదే. గిటార్ పోతే పోయింది, మన మాట మీద వాళ్ళ భరోసా పోకూడదు.

"అది మన తహజీబ్ కాదు" అనేవాళ్ళకు ఒక మాట. గిటార్ అన్న పేరే గ్రీకు నుంచి అరబీ 'ఖీతారా' మీదుగా స్పెయిన్ చేరింది. అంత దూరమెందుకు? ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ నాదస్వరానికి 1977లో పద్మశ్రీ వచ్చింది. ఆయన షాగిర్ద్‌లు మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో వచ్చింది. కాలీషాబీ పేరు మన బేటీలకూ చెప్పండి. అడిగేది కొడుకే కానక్కర్లేదు.

ఇక మార్కుల సంగతి. తఖ్తీ మీద అలిఫ్ దిద్దినవాళ్ళకు తెలుసు, చెయ్యి తిరగడానికి సబ్ర్ కావాలి. గిటార్ కూడా అంతే. మొదటి వారాల్లో వేళ్ళ కొసలు మండుతాయి, తర్వాత చర్మం గట్టిపడుతుంది. ఈ మైనర్, జీ, సీ, డీ కార్డ్‌లు పట్టడం ఒక ఎత్తు, తాళం తప్పకుండా ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడం ఇంకో ఎత్తు. ఎఫ్ దగ్గర చూపుడు వేలు అడ్డంగా వేసి తీగలన్నీ ఒకేసారి నొక్కాలి. చాలామంది అక్కడే వదిలేస్తారు. ఆదివారం రెండు గంటల కన్నా రోజూ ఇరవై నిమిషాల రియాజ్ మేలు. ఇది అలవాటైన పిల్లాడికి లెక్కల పుస్తకం ముందు కూర్చోవడమూ వస్తుంది.

కొనేవాళ్ళకు రెండు మాటలు. నైలాన్ తీగలు కొత్త వేళ్ళను తక్కువ నొప్పిస్తాయి. ఉక్కు తీగలైతే మన కోనసీమ తేమకు తుప్పు పడతాయి, వాయించాక పొడిగుడ్డతో తుడవాలి. శ్రుతి చూసుకోవడానికి ఫోన్లో ఉచితంగా దొరికే ట్యూనర్ చాలు.

ఇజాజత్ ఇస్తే షర్తులు పెట్టండి. అజాన్ వినిపిస్తే గిటార్ పక్కన పెట్టాలి, చదువు ఆగకూడదు, పొరుగింటి వాళ్ళ నిద్ర చెడకూడదు. ఇవ్వకపోతే పక్కన కూర్చోబెట్టుకుని ఎందుకో చెప్పండి. ఆ తర్వాత మీ ఫోన్లో పాటలూ కట్టేయండి.