దారి మార్చిన తుపాను, మారని పంచాంగం

2022 మే రెండో వారం. కృష్ణ మీది బీచుపల్లి వంతెనకు కాస్త దూరంలో ఒక కల్లంలో యాసంగి వడ్లు రాశులుగా పోసి ఉన్నాయి. తూకం కోసం నాలుగు రోజులుగా కాపలా ఉన్న రైతు పక్కన కూర్చున్నాను. తూర్పున మబ్బు కమ్ముతోంది.

"వడ్ల మీద పట్టా కప్పలేదేం?" అన్నాను.

"వైశాఖంల వాన లేదని ఉగాదినాడే పంచాంగంల చదివిండ్రు సార్. ఆంజనేయసామికి టెంకాయ గూడ కొట్టినం" అన్నాడాయన.

"రేడియోలో తుపాను అంటున్నారు కదా?"

"ఒరిస్సా దిక్కు పోతదన్నరు, మళ్ల ఇటే వచ్చె. దానికే దిక్కు తెల్వనప్పుడు వాళ్ల మాట ఎట్ల నమ్మాలె సార్?"

ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి సరిగ్గా జవాబు చెప్పకుండా మూఢనమ్మకం అని కొట్టిపారేయడం హేతువాదం అనిపించుకోదు.

ఆ తుపాను పేరు అసాని. శ్రీలంక ఇచ్చిన పేరు. మన 'అశనిపాతం'లోని అశనికి చుట్టం. అండమాన్ దగ్గర పుట్టి, మే 8న తుపానుగా, ఆపై తీవ్ర తుపానుగా మారింది. ఉత్తరాంధ్ర, ఒడిశా తీరాల దగ్గరికి వచ్చి, అక్కడ ఈశాన్యానికి మళ్లి, సముద్రంలోనే బలహీనపడుతుందని వాతావరణ శాఖ మొదట అంచనా వేసింది. అది అనుకున్న చోట మళ్లలేదు. అలాగే ముందుకు వచ్చి, 11న నీరసించి మచిలీపట్నం, నరసాపురం మధ్య తీరం దాటింది.

ఎందుకిలా? తుపాను తన దారి తాను ఎంచుకోదు. పైన వీచే గాలులు ఎటు తోస్తే అటు పోతుంది, ఏటిలో పడ్డ సుడి ప్రవాహంతో కొట్టుకుపోయినట్టు. మే నెలలో ఆ గాలులు తరచూ బలహీనంగా ఉంటాయి. ఒక పక్క అధిక పీడనం అడ్డుపడుతుంది, ఇంకో పక్క వాయవ్యం నుంచి వచ్చే ద్రోణి ఉత్తరానికి లాగుతుంది. రెండింటి బలం ఇంచుమించు సమానమైతే, ఇవాళ కొలతలో జరిగిన చిన్న తేడా మూడో రోజుకు వందల కిలోమీటర్లవుతుంది. అందుకే వాతావరణ శాఖ పటంలో తుపాను దారిని ఒక్క గీతగా వదలదు. ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే చేటలాంటి బొమ్మ గీస్తుంది. తుపాను ఇందులో ఎక్కడైనా ఉండవచ్చు, మాకు తెలిసింది ఇంతవరకే అని దాని అర్థం. మూడు గంటలకోసారి కొత్త ప్రకటన ఇస్తుంది. మొదటి అంచనా తప్పితే పదిమంది ముందే దిద్దుకుంటుంది. టీవీలు ఆ చేటను కత్తిరించి ఒక్క బాణం గుర్తు మిగిల్చాయి. రైతుకు చేరింది ఆ బాణమే. ఈ తప్పు రైతుది కాదు.

పంచాంగం వాన మాట ఎలా ఉంటుందో చూడండి. మేఘాధిపతి ఫలానా గ్రహం, ఇన్ని కుంచాల వాన, అందులో ఇన్ని భాగాలు సముద్రంలో, ఇన్ని కొండల మీద, మిగిలినవి నేల మీద. ఏ జిల్లాలో, ఏ తేదీన, ఎన్ని మిల్లీమీటర్లు అన్న మాట ఉండదు. వాన పడితే శాస్త్రం నిజం, పడకపోతే సముద్రం పాలు. ఏది జరిగినా తప్పు కాలేని మాట మనకు ఏ సంగతీ చెప్పనట్టే.

కార్తెల సంగతి వేరు. అవి సూర్యుడి నడక మీద కట్టినవి, రుతువులతో కలుస్తాయి. మృగశిర కార్తెకు పాలమూరు రైతు దుక్కి సిద్ధం చేసుకోవడం వెనక తరాల పరిశీలన ఉంది. దానికి నేను చేతులు జోడిస్తాను. కానీ కార్తె కాలం చెబుతుంది. కృత్తిక కార్తె మొదలయ్యే వేళకు బంగాళాఖాతంలో ఏం తిరుగుతోందో అది చెప్పలేదు.

అదే అసాని నాడు, మే 10న, శ్రీకాకుళం జిల్లా సున్నాపల్లి తీరానికి బంగారు రంగు రథం ఒకటి కొట్టుకొచ్చింది. జనం తండోపతండాలుగా వెళ్లి చూశారు, మహిమ అన్నారు. తేలే నిర్మాణం అది. ఆగ్నేయాసియా దేశాల నుంచి కొట్టుకొచ్చి ఉంటుందని అధికారులు భావించారు. గాలి, ప్రవాహం దాన్ని తెచ్చాయి. ఆ రెండే తుపానునూ తెచ్చాయి.

సముద్రం బీచుపల్లికి సుమారు 250 కిలోమీటర్ల దూరం కదా, మనకేమిటి అనుకోవద్దు. 2009 అక్టోబరు మొదట్లో బంగాళాఖాతపు అల్పపీడనంతో కురిసిన కుండపోతకు కృష్ణ, తుంగభద్ర ఒక్కసారి పొంగాయి. కర్నూలు మునిగింది. అలంపురం, మంత్రాలయం క్షేత్రాల్లోకీ వరద వచ్చింది. గుడి, బడి అని నీరు చూడలేదు.

1977 ఉగాదికి కూడా దివిసీమ ఊళ్లలో పంచాంగం చదివే ఉంటారు. ఆ నవంబరు 19న ఉప్పెన పదివేల మందిని మింగింది. 1990 మే తుపానుకు ఆంధ్రలో 900 మందికి పైగా పోయారు, అంతకుముందే లక్షల మందిని ఖాళీ చేయించారు కాబట్టి అంతటితో ఆగింది. 2014లో హుద్‌హుద్ విశాఖను చీల్చి చెండాడినా ఆంధ్రలో చావులు వందకు లోపే. మధ్యలో మారినవి ఉపగ్రహం, రాడారు, ముందస్తు హెచ్చరిక. గ్రహాలు అవే.

ప్రభుత్వానికి ఒక మాట. ఆ హెచ్చరిక తీరంలో మత్స్యకారుడికి చేరుతున్నంత తేటగా కల్లంలో రైతుకు చేరడం లేదు. కొనుగోలు కేంద్రంలో తూకం ఆలస్యం చేసి, పట్టాలు ఇవ్వకుండా, వడ్లు తడిస్తే రైతు అజాగ్రత్త అనడం అన్యాయం. గుడి మైకులో సుప్రభాతం తర్వాత ఆ రోజు వాతావరణ ప్రకటన చదివినా ఊరంతా వింటుంది.

బీచుపల్లి చుట్టుపక్కల రైతులకు ఒక మనవి. వచ్చే ఉగాదినాడు పంచాంగంలో వాన గురించి విన్నది తేదీ వేసి నోటుబుక్కులో రాసుకోండి. ఎదుటి పేజీలో వాతావరణ శాఖ చెప్పింది రాయండి, తప్పినవి కూడా వదలకుండా. దసరాకు రెండు పేజీలూ మీ పిల్లలతో కూర్చుని చూడండి. ఈలోగా తూర్పున మబ్బు పడితే, టెంకాయ కొట్టినా కొట్టకపోయినా, ముందు వడ్ల మీద పట్టా కప్పండి.