తలనొప్పి వెనక నల్లగీత

పచ్చి బాలింతకు తలనొప్పి వస్తే మన ఇళ్లల్లో ఏమంటారు? చెవుల్లో దూది తీసేసిందనో, చల్లగాలి తగిలిందనో అంటారు. ఫిట్స్ వచ్చాయా... ఇక జన్నే! జగ్గయ్యపేట, నందిగామ పల్లెల్లోనూ పెద్దవాళ్ల నోట వినపడే మాటలే ఇవి.

కానీ, మెదడు నుంచి చెడు రక్తాన్ని గుండెకు చేర్చే సిరల్లో గడ్డ కట్టినా ఇలాగే ఉంటుంది. పొలంలో మురుగుకాలువ పూడితే ఏమవుతుంది? నీళ్లు ఎగదన్ని చేను మునుగుతుంది. ఇదీ అంతే. మెదడు వాస్తుంది. ఒక్కోసారి లోపలే రక్తస్రావమవుతుంది.

మరి పుర్రె లోపలి సిరను చూసేదెలా? దారి చూపింది రక్తమే! ఆక్సిజన్‌ను వదిలేసిన హిమోగ్లోబిన్‌ను అయస్కాంతం ఆకర్షిస్తుందని 1936లో లైనస్ పాలింగ్, చార్లెస్ కొర్యెల్ తేల్చారు. 1990లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో సీజీ ఒగావా బృందం 7 టెస్లాలు, ఆపైన శక్తి ఉన్న స్కానర్లతో ఎలుకల మెదడును చూసింది. సిరలు నల్లగీతల్లా కనిపించాయి. స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తే ఆ గీతలు మసకబారాయి.

ఇప్పుడు ఆసుపత్రుల్లో 'ఎస్‌డబ్ల్యూఐ' పేరుతో చేసే ఎమ్మారై స్కాన్‌కు మూలం ఇదే. రంగు మందు ఎక్కించక్కర్లేదు. గడ్డకట్టిన సిర మరింత నల్లగా, లావుగా కనిపిస్తుంది. అయస్కాంతం బలం పెరిగేకొద్దీ సన్నటి సిరలూ తేటపడతాయి. రోగులకు 7 టెస్లాల స్కానర్ వాడేందుకు అమెరికా 2017లో అనుమతిచ్చింది. అయితే గడ్డను పట్టుకోవడానికి అంత పెద్ద యంత్రమే కావాలనేం లేదు. 1.5, 3 టెస్లాల స్కానర్లతో మామూలుగా పని జరిగిపోతుంది.

ఇది బాలింతల జబ్బే అనుకునేరు! హైదరాబాద్ నిమ్స్ వైద్యులు 2002-10 మధ్య చూసిన 428 మంది రోగుల వివరాలను 2012లో ప్రచురించారు. సగానికి పైగా మగవాళ్లే. సగటు వయసు 31. కారణాల్లో రక్తహీనత ముందుంది. మద్యం, గర్భనిరోధక మాత్రలు, కాన్పు ఆ తర్వాత ఉన్నాయి.

కాబట్టి రోజురోజుకీ పెరిగే తలనొప్పి, వాంతులు, మసక చూపు, ఫిట్స్, కాలో చెయ్యో పడిపోవడం... వీటిలో ఏది కనిపించినా తాయెత్తుల కోసం ఆగొద్దు. మామూలు సీటీ స్కాన్‌లో ఏమీ లేదన్నా ఊరుకోవద్దు. 'సిరలు కూడా చూడాలా డాక్టరుగారూ?' అని అడగండి. వేళకు రక్తం పలచబడే మందు పడితే చాలామంది కోలుకుంటారు. జాతీయ రహదారి మీద విజయవాడ రెండు గంటల్లోపే. ఆలస్యమంతా 'గాలి సోకింది' అనుకుంటూ ఇంట్లో గడిపే రోజుల్లోనే!

అన్నట్టు, బాలింతకు మంచినీళ్లు తగ్గించకండి. ఒంట్లో నీరు తగ్గినా రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది.