పల్టన్ నాలుగేళ్లలో తయారవదు

సంక్రాంతికి సెలవు మీద వచ్చిన మా వీధి కుర్రాడు పొద్దున్నే మా అరుగు మీద కూర్చుని అడిగాడు: "బాబాయ్, మా బ్యాచ్‌లో నన్ను ఉంచుతారంటావా?" అగ్నివీర్‌గా చేరి మూడో ఏడు నడుస్తోంది వాడికి. ఒంట్లో చేవ ఉంది, ఫైరింగ్‌లో మంచి గురి ఉంది. అయినా సెలవంతా వాడి నోట అదే మాట. తనతో పాటు తర్ఫీదైన వాళ్లలో ఎవరికి ఎన్ని మార్కులో వేళ్ల మీద లెక్కేసి మరీ చెప్పాడు. ఆ లెక్క విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. నేను ముప్పై ఏళ్లు మద్రాస్ రెజిమెంట్‌లో చేసి 2016లో సుబేదార్‌గా ఇంటికొచ్చినవాణ్ని. పక్కవాడి మార్కులు ఎవరూ లెక్కపెట్టుకోలేదు మా సెక్షన్‌లో.

రెజిమెంట్ అనగానే అంతా ఒకేచోట ఉండి ఒక్కసారిగా యుద్ధానికి కదిలే పెద్ద దండు అనుకుంటారు జనం. అది ఇంటిపేరు లాంటిది. మద్రాస్ అనే ఆ ఇంటిపేరుతో ఇరవైకి పైగా పల్టన్లు, అంటే బెటాలియన్లు, ఉన్నాయి. ఒకటి కశ్మీర్‌లో ఉంటే ఇంకోటి అస్సాంలో, మరోటి రాజస్థాన్ ఇసుకలో ఉంటుంది. వేర్వేరు బ్రిగేడ్ల కింద పనిచేస్తాయి, కొన్నేళ్లకోసారి చోటు మారుతుంటాయి. పుట్టిల్లు మాత్రం అందరికీ ఒకటే, నీలగిరుల్లోని వెల్లింగ్టన్. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ కుర్రాళ్లు అక్కడే రంగ్రూట్లుగా చేరి, అక్కడే కసం (ప్రమాణం) పరేడ్ చేసి, అక్కణ్నుంచే పల్టన్లకు వెళతారు. నేను చేరినప్పుడు నాకు తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. మాకు తర్ఫీదిచ్చిన ఉస్తాద్ మలయాళీ. ఆ చలిలో ఆయన అరుపుల్లోనే హిందీ, తమిళం, మలయాళం కలిసిన పల్టన్ భాష ఒకటి నాకు అబ్బింది. సైన్యంలో మిగతావాళ్లు మమ్మల్ని 'తంబీ' అంటారు, మా నాలుగు భాషలవాళ్లనూ కలిపి.

ఒక పల్టన్‌లో సుమారు ఎనిమిది వందల మంది. పైన కల్నల్ హోదాలో సీఓ సాబ్, జవాన్ల తరఫున ఆయనకు చేదోడుగా సుబేదార్ మేజర్ సాబ్. నాలుగు రైఫిల్ కంపెనీలు, ఇవి కాక మోర్టార్లు వగైరా ఉండే సపోర్ట్ కంపెనీ, హెడ్‌క్వార్టర్ కంపెనీ. రైఫిల్ కంపెనీకి మూడు ప్లాటూన్లు, ప్లాటూన్‌కి మూడు సెక్షన్లు. సెక్షన్‌కి పదిమంది. చివరికి శత్రువుకు ఎదురుపడేది ఆ పదిమందే.

నేను హవల్దార్‌గా సెక్షన్ నడిపిన రోజుల్లో కుప్వారా వైపు ఒక పోస్టు మీద ఉన్నాం. ఎల్‌ఎంజీ అనే తేలిక మెషిన్ గన్ నడపాలంటే ఇద్దరు కావాలి. నంబర్ వన్ కాలుస్తాడు. నంబర్ టూ మేగజీన్లు అందిస్తాడు, తూటా ఎటు పడుతోందో చూసి చెబుతాడు. మా నంబర్ వన్‌ది పాలక్కాడ్, నంబర్ టూది మదనపల్లె. ఒకరి భాష ఒకరికి సగమే తెలుసు. జోడీ కట్టిన మొదటి ఏడు మేగజీన్ మార్చే దగ్గర ఎప్పుడూ ఒక తడబాటు ఉండేది. నేను తిట్టేవాణ్ని, వాళ్లు మళ్లీ మళ్లీ చేసేవాళ్లు. మూడో ఏడు వచ్చేసరికి మాట అక్కర్లేకపోయింది. నంబర్ వన్ భుజం కాస్త ఎడమకు వాలితే చాలు, రెండోవాడి చెయ్యి అప్పటికే మేగజీన్ మీద ఉండేది. రాత్రి మంచులో గస్తీకి నడుస్తుంటే వెనక వచ్చేది ఎవరో బూటు చప్పుడును బట్టి చెప్పేసేవాళ్లం. ఇంటి నుంచి ఉత్తరం వచ్చిన రోజు ఎవడు పరధ్యానంగా ఉంటాడో కూడా అందరికీ తెలుసు, ఆ రోజు వాణ్ని ముందు నడవనిచ్చేవాళ్లం కాదు.

ఇలాంటిది ఒకసారి చెదిరితే ఏమవుతుందో మా రెజిమెంట్ చరిత్రలోనే ఉంది. 1758లో ఫ్రెంచివాళ్లు మద్రాసు మీదికి వస్తున్న వేళ స్ట్రింగర్ లారెన్స్ విడివిడిగా ఉన్న సిపాయి కంపెనీలను పల్టన్లుగా కూర్చాడు. నేటి భారత సైన్యంలో అన్నిటికన్నా పాత పదాతి రెజిమెంట్ మాదే. మా టోపీ మీది ఏనుగు 1803 అస్సాయే యుద్ధం నాటి గుర్తు. మద్రాసు సిపాయిల్లో మొదటి నుంచీ మనవాళ్లు ఎంతమంది ఉండేవారంటే, క్లైవు వెంట బెంగాలు వెళ్లిన సిపాయిల్ని చూసి అక్కడి జనం సిపాయినే 'తిలంగా' అనడం మొదలుపెట్టారు. నూరేళ్ల తర్వాత 1857లో ఢిల్లీలో తిరగబడ్డ అవధ్, బిహార్ సిపాయిలకూ అదే పేరు. తిలంగా అంటే తెలుగువాడు! ఏ పాఠంలోనూ నేను ఇది చదువుకోలేదు. దొరల జీతం తిన్న సైన్యమే కదా అంటారు కొందరు. నిజమే. 1806లో వెల్లూరు కోటలో ఆ దొరల మీద తిరగబడిందీ మద్రాసు సిపాయిలే.

ఆ పల్టన్లు చెదిరింది తర్వాత. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్ దక్షిణాది మనుషులు యుద్ధానికి పనికిరారని తీర్మానించుకున్నాడు. ఆ తర్వాత అతనే మొత్తం భారత సైన్యాధిపతి అయ్యాడు. యోధజాతులన్న లెక్క ఒకటి కట్టి మద్రాసు పల్టన్లను ఒక్కొక్కటే తగ్గించుకుంటూ వచ్చారు. దానికి ఖర్చు తగ్గింపు తోడైంది. 1922లో 3వ మద్రాస్ రెజిమెంట్ అని పేరు పెట్టినవి కూడా తర్వాత రద్దయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చాక, 1941-42లో, టెరిటోరియల్ పల్టన్లను ఆసరా చేసుకుని రెజిమెంట్‌ను మళ్లీ నిలబెట్టవలసి వచ్చింది. మనుషులకు కొదవ లేదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరానికి 'మిలిటరీ మాధవరం' అన్న పేరు ఊరికే రాలేదు. కానీ మూసేసిన పల్టన్‌లో కొత్త జవానుకు నేర్పే పాత హవల్దార్ ఎక్కణ్నుంచి వస్తాడు?

కుదురుకున్న పల్టన్ ఎలా నిలుస్తుందో ఈ కాలంలోనూ చూశాం. మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు 16 బిహార్ పల్టన్‌కు సీఓ. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో ఆయనతో కలిపి ఇరవై మంది నేలకొరిగారు. మహావీర చక్ర ఇచ్చారు ఆయనకు. పల్టన్ పేరు బిహార్, ముందు నిలిచింది తెలుగువాడు. ఏళ్ల తరబడి ఒకే లంగర్ వంట తిన్న మనుషులకు ఎవరిది ఏ రాష్ట్రమన్నది గుర్తుకు రాదు.

2022 జూన్ 14న, మా వీధి కుర్రాడి లాంటి అగ్నివీర్లను తీసుకునే అగ్నిపథ్ పథకం ప్రకటించారు. నాలుగేళ్లు, శిక్షణతో కలిపి. ఆ తర్వాత నూటికి ఇరవై అయిదు మందికి మించకుండా ఉంచుకుంటామన్నారు. మూడు రోజులకే సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు తగలబడ్డాయి, ఒక ప్రాణం పోయింది. ఆ నిప్పును నేను సమర్థించను. పథకంలో మంచి లేదనీ అనను. మంచు కొండ ఎక్కడానికి కుర్ర మోకాళ్లు కావాలి, నా మోకాళ్లు ఇప్పుడు ఆ సంగతి రోజూ చెబుతున్నాయి. పింఛను బరువూ చిన్నది కాదు. కానీ శిక్షణ, సెలవులు పోను పల్టన్‌లో ఆ కుర్రాడికి మిగిలేది మూడేళ్లు. మా ఎల్‌ఎంజీ జోడీకి చేతులు కుదరడానికి పట్టింది దాదాపు అంతే. చేతులు కుదిరిన వేళకు నలుగురిలో ముగ్గుర్ని ఇంటికి పంపితే, తర్వాత వచ్చేవాడికి ఎవరు నేర్పుతారు? పైగా నలుగురిలో ఒక్కడికే చోటున్నప్పుడు, పక్కనున్నవాడు అన్నదమ్ముడా, పోటీదారుడా? మా వీధి కుర్రాడి లెక్కలో నాకు వినబడింది ఇదే.

2023 మొదట్లో శిక్షణకు చేరిన తొలి బ్యాచ్‌కు 2026 చివరితో నాలుగేళ్లు నిండుతాయి. రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలకు నా మనవి ఒక్కటే. మిగతా విభాగాల సంగతి నిపుణులు చూసుకుంటారు. పదాతి పల్టన్ల వరకైనా ఉంచే వాటాను సగానికి పెంచమని పార్లమెంటులో అడగండి. పార్టీలు పక్కన పెట్టి, ఆ కుర్రాళ్ల గడువు తీరకముందే అడగండి.