బోర్డు లేని గది

మొన్న పెళ్లి పందిట్లో మా బావ పక్క విస్తరాయనతో అంటుంటే విన్నాను: "తుంటి నొప్పికి దిగులెందుకన్నయ్యా? ఒక్క ఇంజక్షన్ పడింది, నాకు దెబ్బకు తగ్గింది." బూరె గొంతులో అడ్డం పడినట్టయింది. ఎంత మాటన్నాడు! నడిపించిన చేయి ఎవరిది, పేరు ఎవరికి కట్టాడు?

రెండేళ్ల కిందట ఆయన లారీ తోలడం మానేశాడు. పిర్ర నుంచి చీలమండ దాకా కరెంటు తీగ తగిలినట్టు జివ్వున లాగేది. దగ్గితే కళ్లలో నీళ్లు, క్లచ్ తొక్కితే ప్రాణం పోయేది. ఎమ్మారై తీశారు, నడుముకు బెల్టు కట్టారు, మాత్రలు మింగించారు. ఆ ఇంజక్షన్ ఇచ్చిన హాయి మూడు వారాలు. చివరికి ఓ ఆసుపత్రిలో వరండా కొసన, స్టోర్‌రూమ్ పక్క గదిలోకి పంపారు. అక్కడ పాతికేళ్ల ఫిజియో అమ్మాయి బావను నడిపించి చూసింది, వంగమని చూసింది, కాలి బొటనవేలు పైకెత్తమని తన చేత్తో అదిమి బలం చూసింది. తర్వాత, "బోర్లా పడుకోండి బాబాయ్, మోచేతుల మీద మెల్లగా లేవండి" అంది. పదిసార్లు చేసేసరికి బావ కంగారుపడ్డాడు: "పిక్కలో నొప్పి నడుంలోకి వచ్చిందమ్మా!" ఆ పిల్ల నవ్వింది. "రావాలి బాబాయ్. కాలు వదిలి పైకి జరిగిందంటే దారికొచ్చినట్టే." ఆరు వారాలకు బావ మళ్లీ స్టీరింగ్ పట్టాడు.

బావను పట్టిన ఈ సయాటికా కొత్త రోగమేమీ కాదు. మన ఆయుర్వేదం ఏనాడో దానికి గృధ్రసి అని పేరు పెట్టింది. గృధ్రమంటే రాబందు, మనిషి చేత రాబందులా కుంటుతూ అడుగు వేయించే బాధ అది. వెన్ను అడుగు నుంచి వచ్చే కొన్ని నరాల వేళ్లు కలిసి, ఒంట్లోకెల్లా లావైన నరమై కాలి వెనక దిగుతాయి. జారిన డిస్కు అందులో ఒక వేరును నొక్కినా, రేపినా కాలంతా మంటే. ఆ వేరు మీద ఒత్తిడి ఏ భంగిమలో పెరుగుతుందో, ఏ భంగిమలో తగ్గుతుందో స్కాన్ ఫిల్ము చెబుతుందా? మనిషిని కదిలించి చూసిన కన్ను చెబుతుంది.

ఆ కన్ను నిన్న మొన్న తెరుచుకున్నది కాదు. 1956లో న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియో ఒక కాలినొప్పి రోగిని బల్ల మీద బోర్లా పడుకోమని చెప్పి పక్క గదిలో పనిలో పడ్డాడు. బల్ల తలవైపు ఎత్తి ఉన్న సంగతి ఆయన చూసుకోలేదు. తిరిగొచ్చి చూస్తే నడుం విల్లులా వెనక్కి వంగి ఉంది. గుండె గుభేలుమన్న మెకెంజీతో ఆ రోగి చెప్పాడు: కాలి నొప్పి పోయిందని! ఆ పొరపాటును గమనించి, పరీక్షించి, శాస్త్రంగా మలిచిన విద్య ఇది. మన దేశంలో పోలియోతో కాళ్లు చచ్చుబడిన పసివాళ్లకు క్యాలిపర్లు తొడిగి అడుగు అడుగూ నేర్పిన చేతులూ ఫిజియోలవే. 2014లో మన దేశం పోలియో రహితమైంది. పోలియోతో పాటు కృతజ్ఞత కూడా పోవాలా?

ఇవాళ ఆ చేతులకు మనమిచ్చిన బిరుదులేమిటి? "మసాజ్ అమ్మాయి", "కరెంటు పెట్టేవాడు"! ఏళ్ల తరబడి శరీర నిర్మాణం చదివి, ఆసుపత్రుల్లో ఇంటర్న్‌షిప్ చేసి వచ్చిన చదువుకు ఇదా మర్యాద? మాత్రకున్న గౌరవం మాటకు లేదు, సూదికున్న నమ్మకం సాధనకు లేదు. సయాటికాకు విరివిగా రాసే ప్రెగాబలిన్ మాత్ర ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగేమీ కాదని 2017లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధన తేల్చింది. బ్రిటన్ జాతీయ మార్గదర్శకాలు ఆ మాత్ర వద్దంటున్నాయి, వ్యాయామం చేయించమంటున్నాయి. మరి మన మందుల చీటీలో మొదటి వరుస దేనిది?

ఆపరేషన్ వద్దని ఎవరన్నారు? మలమూత్రాల మీద పట్టు తప్పినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, పాదం వేలాడిపోయినా ఆ గడియలోనే సర్జన్ దగ్గరికి పరుగెత్తాలి. ఆ సూచన కనిపెట్టి తరిమేదీ చేయి తిరిగిన ఫిజియోనే! కానీ సయాటికా రోగుల మీద 2007లో వెలువడిన నెదర్లాండ్స్ పరిశోధనలో ఏం తేలింది? వెంటనే ఆపరేషన్ చేయించుకున్నవారికి నొప్పి ముందు తగ్గింది, నిజమే. ఆగి చూసినవారిలో 39 శాతం మందికి తర్వాత కత్తి తప్పలేదు, అదీ నిజమే. కానీ మిగతావారిలో చాలామంది కత్తి తగలకుండానే గట్టెక్కారు. ఏడాది తిరిగేసరికి రెండు జట్ల కోలుకోవడంలో తేడా లేదు. ఆగమన్న ఆ నెలల్లో మనిషికి తోడుండి ధైర్యం చెప్పి కదిలించేదెవరు?

ఏలినవారూ, మిమ్మల్నే అడుగుతున్నాను. ఆసుపత్రి మంచమెక్కితేనే పలికే బీమాలు, మంచమెక్కకుండా కాపాడే అరగంటకు ఎందుకు మూగబోతాయి? నాట్లు వేసి వేసి నడుం విరిగిన ఆడకూలీ, మగ్గం గుంటలో కాళ్లు పెట్టి బతికిన నేతగాడు, నడుం నొప్పితో గంటలకొద్దీ బస్సు కుదుపులు తిని పట్నం రావాలా? 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం చేసి ఈ విద్యకు గుర్తింపునిచ్చింది. మండలంలో ఒక గది, ఒక బల్ల, ఒక మనిషి లేనిదే ఆ గుర్తింపును ఏ నడుముకు చుట్టుకోవాలి?

భోజనాలయ్యాక చెయ్యి కడుక్కుంటూ అడిగాను: "ఆ ఫిజియో అమ్మాయి పేరేంటి బావా?" చాలాసేపు ఆలోచించాడు. "ఏమోరా... ఆ గదికి బోర్డు కూడా లేదు" అన్నాడు. పంచె ఎగ్గట్టి చకచకా నడిచి వెళ్లిపోయాడు.