బడిపిల్లలకు వర్తక న్యాయం నేర్పాలి

ఎగుమతులు, దిగుమతులు, విదేశీ మారకద్రవ్యం వంటి మాటలను మన పిల్లలు పరీక్షల కొరకు వల్లె వేస్తున్నారు. కాని ఒక వస్తువు ధరను ఎవరు నిర్ణయిస్తున్నారు, ఆ ధరలో ఎవరి వాటా ఎంత అన్న ప్రశ్న వారి ముందుకు రావడం లేదు. ఈ కొరతను తీర్చే బాధ్యత ఉపాధ్యాయులతోపాటు కార్మికోద్యమానికీ వున్నదని మేము భావిస్తున్నాము.

ఈ పాఠానికి పిల్లవాడు తొడుక్కున్న నూలు చొక్కాయే చాలు.

మొదటి అధ్యాయం మన చరిత్రలోనే వున్నది. బ్రిటిష్ పాలనలో రైళ్లు లోతట్టు జిల్లాల పత్తిని రేవులకు చేర్చి, అక్కడినుండి లాంకషైర్ బట్టను ఊళ్లకు మోసుకొచ్చాయి. 1896లో దిగుమతి బట్టపై 3.5 శాతం సుంకం విధించిన ప్రభుత్వమే, లాంకషైర్ యజమానుల ఒత్తిడికి లొంగి, భారతీయ మిల్లు బట్టపైన కూడా అంతే పన్ను వేసింది. 1926 వరకు అది రద్దు కాలేదు. దీనినే ఆనాడు స్వేచ్ఛా వాణిజ్యమన్నారు!

రెండవ అధ్యాయం ఆఫ్రికాది. 2003లో కాన్‌కూన్‌లో జరిగిన ప్రపంచ వాణిజ్య సంస్థ సమావేశంలో బెనిన్, బుర్కినా ఫాసో, మాలీ, చాద్ దేశాలు ఒక్కటై నిలిచాయి. సంపన్న దేశాలు తమ పత్తి రైతులకిచ్చే సబ్సిడీలు ప్రపంచ ధరను పడగొడుతున్నాయనీ, వాటిని తొలగించాలనీ కోరాయి. సమావేశం ఒప్పందం లేకుండానే ముగిసింది. ఇదే విషయమై బ్రెజిల్ వేసిన వ్యాజ్యంలో అమెరికా 2005లో అప్పీలు కూడా ఓడిపోయి, 2014లో 30 కోట్ల డాలర్లకు రాజీపడింది. ఆ రాజీలో ఈ నాలుగు దేశాలు పక్షాలు కావు.

మూడవది మన పొరుగు దేశానిది. 2013 ఏప్రిల్ 24న ఢాకా సమీపంలో రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా మరణించారు. ముందురోజే గోడలు బీటలు వారాయి. కింది అంతస్తుల్లోని దుకాణాలు, బ్యాంకు మూతపడ్డాయి. విదేశాలకు దుస్తులు కుట్టే కార్మికులను మాత్రం పనిలోకి పంపారు. ఆ తరువాత అంతర్జాతీయ కార్మిక సమాఖ్యలు పట్టుబట్టగా, 200కు పైగా కంపెనీలు చట్టబద్ధమైన భద్రతా ఒప్పందంపై సంతకాలు చేశాయి.

పిల్లలకు రాజకీయాలెందుకని కొందరు ఆక్షేపించవచ్చు. వంద రూపాయలను రైతు, నేత కార్మికుడు, కుట్టే కార్మికురాలు, వర్తకుడు ఎట్లా పంచుకోవాలన్నది లెక్కల పాఠమే. నలుగురు పిల్లలకు ఆ నాలుగు పాత్రలిచ్చి వాదించుకోమనండి. బేరమాడే బలం లేనివాడికి మిగిలేదెంతో వారే గ్రహిస్తారు.

అయితే ఈ పాఠం జాలితో ముగియరాదు. 1968 సెప్టెంబరు 19న రైల్వే, తపాలా ఉద్యోగులు సమ్మె చేసింది దయ కొరకు కాదు, అవసరాలకు తగిన కనీస వేతనం కొరకు. పత్తి రైతు, కుట్టే కార్మికురాలు అడుగుతున్నదీ అటువంటి హక్కునే. వచ్చే విద్యా సంవత్సరంలో ప్రతి శాఖా తన ఊరి పాఠశాలలో, ప్రధానోపాధ్యాయుని సమ్మతితో, ఈ పాఠానికి ఒక్క పీరియడు సంపాదించాలని కోరుతున్నాము.