రోజు విడిచి రోజు మెల్లకన్ను

సోమవారం ఉదయం నిద్ర లేచిన మూడున్నరేళ్ల పాపకు ఒక కన్ను ముక్కు వైపుకు తిరిగి ఉంటుంది. తల్లి హడలిపోతుంది. మంగళవారం ఆస్పత్రికి తీసుకువెళ్లేసరికి రెండు కళ్లూ తిన్నగా ఉంటాయి. డాక్టరు పరీక్షించి, ఏ దోషమూ లేదని పంపివేస్తాడు. బుధవారం కన్ను మళ్లీ తిరుగుతుంది. గురువారం మళ్లీ మామూలే. క్రమంగా ఇంట్లోవాళ్లు పాప కంటిని కాక, తల్లి మాటను శంకించడం మొదలుపెడతారు.

ఆమె చెప్పేది అక్షరాలా నిజం. ఈ వ్యాధికి వైద్యులు పెట్టిన పేరు 'సైక్లిక్ ఈసోట్రోపియా'. మెల్లకన్ను ఉన్న మూడు వేల నుంచి ఐదు వేల మందిలో ఒకరికి ఇది ఉండవచ్చునని అంచనా. అధికంగా మూడు, నాలుగేళ్ల వయస్సులో మొదలవుతుంది. చక్రం సాధారణంగా 48 గంటలు: ఒక దినం వక్రదృష్టి, మరుదినం స్వచ్ఛమైన దృష్టి.

అప్పుడప్పుడు కనిపించే మామూలు మెల్లకు అలసటో, జ్వరమో, పరధ్యానమో తోడవుతుంది. దీనికి అటువంటి నిమిత్తమేదీ అక్కరలేదు. పిల్ల ఆడినా, పడుకున్నా, తిథి చూసుకుని వచ్చినట్లు వస్తుంది. రోజు విడిచి రోజు వచ్చే చలిజ్వరం మన పెద్దలకు తెలియనిది కాదు. కాని ఆ జ్వరానికి రక్తంలో పెరిగే మలేరియా క్రిమి కారణమని తేలింది. ఇక్కడ ఏ క్రిమీ లేదు.

మరి కారణమేమిటి? జీవితమంతా ఎలుకలలోని జీవగడియారాలను పరిశోధించిన కర్ట్ రిక్టర్ అనే జాన్స్ హాప్కిన్స్ శాస్త్రజ్ఞుడు 1968లో ఈ పిల్లలను గురించి వ్రాశాడు. శరీరంలోని ఏదో గడియారమే ఈ కంటిని తిప్పుతున్నదని ఆయన భావన. భావన ఆకర్షణీయమైనదే. అయితే నిద్రను, మెలకువను నడిపే గడియారం మెదడులోని హైపోథాలమస్‌లో ఉన్నది. దాని చక్రం ఇంచుమించు 24 గంటలు. 48 గంటల లెక్క ఎక్కడిదో ఎవరూ తేల్చలేదు. పైగా తలకు గాయం తగిలిన తరువాత, కంటికి గాని మెదడుకు గాని శస్త్రచికిత్స జరిగిన తరువాత పెద్దవాళ్లలో సైతం ఇది అరుదుగా తలెత్తింది.

అన్నిటికన్న ఆశ్చర్యకరమైనది చికిత్స. వక్రంగా ఉన్న దినాన కన్ను ఎంత తిరిగిందో కొలిచి, అంతకూ సరిపడా కంటి కండరాలను సరిచేస్తారు. అలా చేస్తే, తిన్నగా ఉండే దినాన కన్ను చెవి వైపుకు పోవాలి కదా! పోదు. శస్త్రచికిత్సతో చక్రమే ఆగిపోతుంది. గడియారం మెదడులో ఉంటే, కండరాన్ని సవరించినంత మాత్రాన ఎందుకు ఆగాలి? రెండు కళ్ల చూపూ నిత్యం కలిసి ఉండే అవకాశం దొరకగానే మెదడు ఆ కలయికను విడువదని కొందరి ఊహ. ఇది ఊహే.

కారణం దొరికిన దూరపు బంధువు ఒకటి ఉన్నది: 'ఆక్యులర్ న్యూరోమయోటోనియా'. మెదడు అడుగు భాగంలోని కంతికి రేడియేషన్ చికిత్స పొందినవారిలో కొందరికి, నెలలు, సంవత్సరాలు గడిచాక, పక్కకు చూచిన కన్ను కొద్ది క్షణాలో, నిమిషాలో అక్కడే బిగుసుకుపోతుంది. దెబ్బతిన్న నరం తనంత తానే ప్రేరణలు పంపడం దీనికి మూలం. మూర్ఛకు వాడే కార్బమజిపీన్ దీనిని చాలామందిలో అణచివేస్తుంది.

మళ్లీ పాప వద్దకు వద్దాం. కన్ను తిరిగిన దినాన ఆమెకు వస్తువులు రెండుగా కనబడవు. మెదడు ఆ కంటి చిత్రాన్ని పక్కకు నెట్టివేస్తుంది. అందుచేత ఆమె ఏమీ ఫిర్యాదు చేయదు. నెలలో, సంవత్సరాలో గడిచేసరికి మంచి దినాలు తగ్గి, మెల్ల స్థిరపడిపోతుంది. రెండు కళ్లతో లోతును గ్రహించే శక్తి అప్పుడు ప్రమాదంలో పడుతుంది. మెల్లకన్ను అదృష్టమనే మాట మన ఇళ్లలో నేటికీ వినబడుతుంది. ఆ మాట నమ్మి ఊరుకుంటే గడిచిపోయేది ఈ విలువైన కాలమే.

తల్లి చేయగల పని ఒకటున్నది. గోడమీది క్యాలెండరులో కన్ను తిరిగిన ప్రతి తేదీకీ గుర్తు పెట్టాలి. ఆ దినాన ఒక ఫొటో తీయాలి. రెండు వారాల గుర్తులు చూపితే ఏ డాక్టరైనా ఆలోచనలో పడతాడు. కొలతకు రమ్మని చెప్పే దినాన్ని సైతం ఆ క్యాలెండరు చూచే నిర్ణయిస్తారు.